ఇముడని ఘటములు
(పాఠశాల తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రధానోపాధ్యాయులవారు నన్ను పిలిచి, "మన పిల్లల తల్లిదండ్రులకు విజ్ఞానశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను" అనిరి. విజ్ఞానశాస్త్రమనగానే చంద్రమండలమో పరమాణువో జ్ఞప్తికి వచ్చుట సహజము. నేను అంత దూరము పోదలచలేదు. మీ యిండ్లలో టార్చిలైటునందును, పిల్లవాని బొమ్మకారునందును, తాతగారి రక్తపుపోటు చూచు యంత్రమునందును ఉండు చిన్న విద్యుద్ఘటమును గూర్చి, అందును మరల మరల విద్యుత్తు నింపి వాడుకొనదగిన ఘటములను గూర్చి, అవి ఆ పరికరములలో సరిగా ఇమడకపోవుటను గూర్చి మాటలాడెదను. విషయము మిక్కిలి చిన్నదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే తలచినవాడను.

ఘటము అను మాట మీ పిల్లల పుస్తకములలోనిది. ఇండ్లలో మనము సెల్లు అందుము. ఈ మధ్య చేతిఫోనును కూడ సెల్లనుట అలవాటగుటచేత, "సెల్లు అయిపోయినది, తెచ్చిపెట్టు" అని మా అమ్మ అన్నప్పుడెల్ల ఏ సెల్లో అడిగి తెలిసికొనవలసి వచ్చెడిది. అందుచేత ఈ పూటకు ఘటము అనియే వాడెదను. సన్ననివి రెండు రకములు. వానిలో కొంచెము లావైనదానిని అంగళ్లలో పెన్సిలు సెల్లని అమ్ముదురు. దానిపై ఏఏ అని రెండక్షరములుండును. అంతకన్న సన్నని దానిపై ఏఏఏ అని మూడు. టెలివిజను రిమోటులో వేయునది తరచుగా ఇదియే.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి మన బరంపురము వారెవరును మరచిపోరు. ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరమును దాటిన రాత్రి అది. ఆ నాటి పగలెల్ల నేను ఇంటి రేకులకు త్రాళ్లు కట్టించుటలోను, మంచినీరు పట్టించుటలోను ఉంటిని. సాయంకాలము జ్ఞప్తికి వచ్చి, టార్చిలైటులోని పాత ఘటములను తీసివేసి, అంతకు వారము ముందు కొన్న క్రొత్త ఘటములను, ఛార్జరులో పెట్టి నిండుగా నింపినవానిని, రెంటిని వేసి, మూత బిగించి, అమ్మ మంచము ప్రక్క పెట్టితిని. మీట నొక్కి చూడలేదు. విజ్ఞానశాస్త్రము బోధించి జీతము తీసికొన్నవాడను. అయినను నొక్కి చూడలేదు.

రాత్రి కరెంటు పోయినది. గాలి హోరు వర్ణించుట నా శక్యము కాదు, మీరును విన్నవారే. పెరటివైపు తలుపు గడియ ఊడి కొట్టుకొనుచుండగా అమ్మ లేచి, టార్చి తీసికొని, మీట నొక్కినది. వెలుగలేదు. మరల నొక్కినది. "బాబూ, ఇది వెలగదేమిరా" అని నన్ను కేక వేసినది. నేను ప్రక్కగదిలో ఫోనును వెదకి, దానిలోని దీపము వెలిగించుకొని వచ్చులోపల, చీకటిలో తడి నేలమీద అమ్మ జారిపడినది. కుడిచేతి మణికట్టు విరిగినది. తెల్లవారువరకు చెట్లు పడిన దారిలో వైద్యుని యొద్దకు తీసికొనిపోవుటకు వీలు లేకపోయినది. కఱ్ఱస్కేలు ఆనించి, తువ్వాలు చుట్టి, ఆ చేయి నా చేతిలో పెట్టుకొని కూర్చుంటిని.

నాలుగు దినముల తరువాత ఆ టార్చిని విప్పి చూచితిని. అంగడివాడు పాడైన ఘటములు అంటగట్టినాడని నా నిశ్చయము. వోల్టేజి కొలుచు మీటరు పెట్టి చూడగా రెండు ఘటములును నిండుగానే ఉన్నవి. టార్చియు మంచిదే, పాత ఘటములు వేసిన వెంటనే మినుకు మినుకుమని వెలిగినది. ఘటము మంచిది, టార్చి మంచిది, రెండును కలిసి మాత్రము పనిచేయవు! ఈ చిక్కునకు కారణము ఒక మిల్లీమీటరులోపల ఉన్నది. దానిని మీకు విశదపరచుటయే నా ప్రసంగములోని ముఖ్యభాగము.

పెన్సిలు ఘటమునకు అంతర్జాతీయముగా ఒప్పుకొన్న కొలతలున్నవి. పొడవు 49.2 మొదలు 50.5 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చును. అడ్డుకొలత 13.5 మొదలు 14.5 వరకు. పైన ధనధ్రువమున బొడిపె యున్నదే, దాని ఎత్తు 1 మిల్లీమీటరుకు తగ్గరాదు. దాని వెడల్పు 5.5 మిల్లీమీటర్లకు మించరాదు. ఈ హద్దులలో ఎవరికి తోచినట్లు వారు చేయవచ్చును. అనగా రెండు ఘటములును న్యాయముగా పెన్సిలు ఘటములే అయి, ఒకటి మరియొకదానికన్న మిల్లీమీటరు పొట్టిగాను, మిల్లీమీటరు సన్నముగాను ఉండవచ్చును. ఒకే పేరుగల యిద్దరు పిల్లలకు ఒకే చొక్కా పట్టవలెనని లేదు గదా. మామూలు ఘటములకు సాధారణముగా బొడిపె పొడవుగా నుండును. నింపుడు ఘటములలో, అనగా నికెలు, లోహ హైడ్రైడులతో చేసినవానిలో, కొన్నింటికి బొడిపె పొట్టిగాను వెడల్పుగాను ఉండును.

ఇక పరికరము సంగతి. ఘటమును తలక్రిందుగా వేసినచో లోపలి సున్నితపు భాగములు చెడవచ్చును. అట్లు జరుగకుండ, ధనధ్రువము తాకవలసిన రేకునకు ముందు ప్లాస్టికుతో చిన్న గట్టు కట్టుదురు. బొడిపె ఆ గట్టు నడుమ దూరి రేకును తాకును. తలక్రిందుగా వేసినప్పుడు చదునైన అడుగుభాగము గట్టునకు ఆని నిలిచిపోవును, రేకు తగులదు, విద్యుత్తు పారదు. తెలివైన ఏర్పాటే. కాని బొడిపె పొట్టిదైనను, వెడల్పైనను, సరిగా వేసిన ఘటము కూడ ఆ గట్టుమీదనే కూర్చుండిపోవును. వెనుకనుండి తీగచుట్ట ఎంత నెట్టినను లాభము లేదు. నా టార్చిలో జరిగినది ఇదియే. కాగితము మందము సందు చాలును, దీపము వెలుగకుండుటకు.

దీనిని ఇంటిలో కనుగొనుటకు మీటరు అక్కరలేదు. బొడిపెమీద కొంచెము కాటుక అంటించి, ఘటమును పరికరములో పెట్టి, ఒకసారి నొక్కి, బయటికి తీసి, లోపలి రేకును చూడుడు. రేకుమీద నల్లచుక్క పడినచో రెండును తాకినవి. దోషము మరియొకచోట ఉన్నది. చుక్క గట్టుమీద పడి, రేకుమీద పడనిచో మీరు వెదకుచున్న దొంగ దొరికినాడు. తరువాత కాటుకను పొడిగుడ్డతో తుడిచివేయుట మరువరాదు; జిడ్డు విద్యుత్తునకు అడ్డము.

దొంగ దొరికిన పిమ్మట ఏమి చేయవలెను? సాధారణముగా జనులు చేయునది చాక్లెటు మీది వెండికాగితమును ఉండచుట్టి సందులో కుక్కుట. మా వీధిలో ఈ వైద్యము తెలియని పిల్లవాడు లేడు. ఇందులో ఉన్న ప్రమాదము ఆ పిల్లలకు తెలియదు. వారి తండ్రులకును తెలియదు. నింపుడు ఘటము యొక్క ఉక్కుడొల్ల యావత్తు ఋణధ్రువము. పైనున్న బొడిపె ఒక్కటే ధనధ్రువము. ఈ రెంటికి నడుమ ఉన్నది సన్నని కట్టు ఒకటి, దానిమీద రంగుల ప్లాస్టికు తొడుగు. వెండికాగితము కొంచెము ప్రక్కకు జారి, తొడుగు చిరిగినచోట డొల్ల అంచును తాకెనా, ఘటములోని శక్తియంతయు పరికరములోనికి పోక, ఆ కాగితముగుండనే ఒక్క పెట్టున పారును. ఘటము చేతితో పట్టలేనంత వేడెక్కును. కాగితము మండవచ్చును. కాబట్టి ధనధ్రువము వైపున వెండికాగితము పెట్టుట నేను ఎన్నటికిని ఒప్పుకొనను.

నాకు తెలిసిన మంచి మార్గము వేరు. రేడియోలు బాగుచేయువాని యొద్దకు పరికరమును తీసికొనిపోయి, ఆ రేకుమీద చిన్న చుక్క మాటు వేయించుడు. మిల్లీమీటరు ఎత్తు చాలును. బొడిపె రాలేనిచో రేకే ముందుకు వచ్చును. గట్టు అట్లే యుండును గనుక తలక్రిందుగా వేసినను ఇంచుమించు పూర్వపు రక్షణయే ఉండును. మాటు గట్టుకన్న ఎత్తు పెరుగకుండ చూచుకొనవలెను. కొందరు గట్టునే కత్తితో చెక్కివేయుదురు. పిల్లలు ముట్టని పరికరములో అది చెల్లునేమో గాని బొమ్మలలో చెల్లదు. ఇవన్నియు ఎందుకని తోచినవారు ఘటములు కొనునాడే పరికరమును వెంట తీసికొనిపోయి, పొడవైన బొడిపెగలవానిని ఏరుకొనవచ్చును. అంగడివాడు విసుగుకొనును, విసుగుకొననిండు.

రెండవ చిక్కు లావు. ఎక్కువ శక్తి పట్టునట్లు చేయబడిన ఘటములు కొన్ని 14.5 మిల్లీమీటర్ల హద్దును ఒరసికొనుచుండును. తొడుగు మందముతో కలిసి ఒక్కొక్కప్పుడు హద్దును దాటును. ఇరుకైన లోహపుగొట్టము గల టార్చిలో అది బిగిసిపోవును. బలవంతముగా లోపలికి త్రోసినది వెలుపలికి రాదు. ఇట్టి టార్చిని నా యొద్దకు తెచ్చిన ఒక పెద్దమనిషి, ఘటము సులువుగా దూరుటకై దాని రంగుతొడుగును బ్లేడుతో ఒలిచివేసి, ఆ ఘనకార్యమును తానే సంతోషముతో చెప్పినాడు. ఇంతకుముందు చెప్పినది జ్ఞప్తి యున్నచో ఇందలి అపాయము మీకే తెలియును. డొల్ల ఋణధ్రువము, గొట్టము లోహము. ఒలిచిన ఘటములు రెండు లోహపుగొట్టములో చేరినవన్నచో, తొడుగు చేయుచున్న కాపలాను మనమే తొలగించితిమన్నమాట. ఇరుకైన చోట సన్నని ఘటమును కొనవలసినదే గాని చర్మము ఒలువరాదు.

తీసివేయలేక బిగిసినది పాత మామూలు ఘటమైనచో అది కారి, ఉబ్బినదేమో చూడవలెను. ఇప్పుడు అంగళ్లలో దొరకు ఆల్కలైను ఘటములలో గాఢమైన క్షారము ఉండును. కారినప్పుడు తెల్లని పొడిగా పేరుకొనును. కండ్లకు, చర్మమునకు మంచిది కాదు. చేతికి తొడుగు వేసికొని, నిమ్మరసములోనో వెనిగరులోనో ముంచిన దూదితో తుడిచి, బాగుగా ఆరనిచ్చి, రేకును ఉప్పుకాగితముతో మెల్లగా రుద్దినచో చాల పరికరములు బ్రతుకును. ఇముడుట లేదని మనమనుకొను చిక్కులలో కొన్ని నిజమునకు ఈ తెల్లపొడి పెట్టు చిక్కులే.

పొట్టి ఘటము వదులై బొమ్మలో గడగడలాడుటయు కలదు. తీగచుట్టను చేతితో రెండు మిల్లీమీటర్లు లాగినచో తీరును. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు.

పెద్ద టార్చిలలో వేయు లావు ఘటముల విషయమున ఒక మోసము ఉన్నది. మోసమని గట్టిగా అనరాదేమో, తెలియకుండ కొనుట అందుము. పెన్సిలు ఘటమును ఒక ప్లాస్టికు తొడుగులో పెట్టి లావు ఘటమువలె వాడుకొనుట కలదు. అది తెలిసి చేయు పని గనుక తప్పు లేదు. కాని లావు ఘటములని అమ్ము నింపుడు ఘటములు కొన్నింటిలోపల కూడ పెన్సిలు ఘటమే దాగియుండును. చేతిలో పెట్టుకొన్నప్పుడు తేలికగా తోచును. దానిమీద ఎంఏహెచ్ అని వ్రాసిన అంకెను చదువుడు. 2,000కో 2,500కో దగ్గరగా నున్నచో లోపల ఉన్నది పెన్సిలు ఘటమంత సరకే. నిజమైన లావు ఘటములో దానికి మూడు నాలుగు రెట్లు పట్టును. తుపాను రాత్రి తెల్లవారువరకు వెలుగుననుకొన్న దీపము నడిరాత్రి ఆరిపోవుటకు ఇదియొక కారణము.

ఇంతవరకు చెప్పినది శరీరపు కొలతలు. ఇక బలము కొలత. మామూలు ఘటము 1.5 వోల్టులది. నికెలు నింపుడు ఘటము 1.2 వోల్టులది. నాలుగు ఘటములు వరుసగా వేయు రక్తపుపోటు యంత్రములో మొదటివానితో 6 వోల్టులు, రెండవవానితో 4.8 వోల్టులు వచ్చును. మామూలు ఘటము కరిగిపోవుకొలది దాని వోల్టేజియు మెల్లమెల్లగా దిగును. సగము వాడిన తరువాత అదియు 1.2 దగ్గరనే ఉండును. అందుచేతనే చాల పరికరములు రెంటితోను పనిచేయును. కాని వోల్టేజిని చూచి ఘటము ఆయువు లెక్కగట్టు యంత్రములు, నిండుగా నింపిన ఘటమును చూచి కూడ అయిపోవచ్చినదని చెప్పును. నింపుడు ఘటము తుదివరకు 1.2 దగ్గరనే నిలిచి, చివర ఒక్కసారిగా కూలిపోవును గనుక, ఆ యంత్రము నిండుగా నున్నప్పుడు అనవసరముగా భయపెట్టి, అయిపోవునప్పుడు తగిన హెచ్చరిక ఇవ్వకపోవును. పెద్దవారి ఆరోగ్యమునకు సంబంధించిన యంత్రములలో దానితో వచ్చిన చిన్నపుస్తకము ఏ ఘటము వేయుమన్నదో అదియే వేయుట నా సలహా. పొదుపు చేయుటకు పిల్లల బొమ్మలు చాలినన్ని ఉన్నవి. నెలలకొలది కొంచెము కొంచెమే తీసికొను గోడ గడియారమునకును మామూలు ఘటమే నయము.

కొలత సరిపోయినంత మాత్రమున బలము సరిపోయినట్లు కాదు. దీనిని తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలెను. 14500 అను అంకె వ్రాసిన లిథియం ఘటము ఒకటి అమ్మకమునకు వచ్చుచున్నది. 14 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 50 మిల్లీమీటర్ల పొడవు అని ఆ అంకెకు అర్థము. అనగా అచ్చముగా పెన్సిలు ఘటము ఆకారము. కాని దాని బలము 3.7 వోల్టులు. 1.5కు కట్టిన బొమ్మలో ఇది చక్కగా ఇమిడి, బొమ్మను కాల్చివేయును. ఏఏఏ ఆకారమున దీని తమ్ముడు 10440 ఉన్నాడు. లోపలనే వోల్టేజిని 1.5కు దించి యిచ్చు ఏర్పాటు గల లిథియం ఘటములును ఇప్పుడు వచ్చినవి, వానిమీద 1.5 అని స్పష్టముగా ఉండును. వానికి తగిన ఛార్జరు వేరు. పిల్లవానికి ఇంగ్లీషు చదువనేర్పుచున్నారు, తెలుగు చదువనేర్పుచున్నారు, ఒడియా సరేసరి. ఘటముమీది ఈ నాలుగంకెలు చదువుట కూడ నేర్పుడు.

ఛార్జరులో పెట్టదగని మామూలు ఘటమును అందులో పెట్టరాదని వేరుగా చెప్పవలెనా? చెప్పవలెను, ఎందుకనగా అందులోను అది చక్కగా ఇముడును. ఇమిడి, లోపల వాయువు పుట్టి, కారును. అట్లే నిండినదానిని ఖాళీదానిని, పాతదానిని క్రొత్తదానిని జత చేయరాదు. బలహీనమైనది ముందు ఖాళీయై, బలమైనది దానిలోనికి విద్యుత్తును వ్యతిరేకముగా నెట్టును. నేను మా యింట ఘటములపై సిరాతో జతలకు గుర్తులు పెట్టియుంచెదను.

బొత్తాము ఘటములను గూర్చి చెప్పకుండ కూర్చుండుట న్యాయము కాదు. 2032 అని వ్రాసినది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము గలది. 2025 కూడ అంతే వెడల్పు గలది, మందము 2.5. దానిని దీని చోట వేసినచో వదులగును. మూత సరిగా పట్టక ఊడును. ఘటము నేలమీద పడును. ప్రాకుచున్న పసిబిడ్డ నోటికి చేరును. గొంతు క్రింద ఆహారనాళములో అది చిక్కుకొన్నచో, అక్కడి తడిలో విద్యుత్తు పారి క్షారము పుట్టి, రెండు గంటలలోపలనే తీవ్రముగా కాల్చివేయును. పనికిరాదని పారవేసిన ఘటములో కూడ అంత శక్తి మిగిలియుండును. బిడ్డ మింగినదని అనుమానము కలిగినను చాలును. వాంతి చేయింపక, ప్రొద్దున చూతమనక, ఆ నిమిషముననే ఎక్స్‌రే తీయగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మూతకు మర లేని బొమ్మను, మర ఊడిన రిమోటును పసిపిల్లలున్న యింట ఉంచవద్దు.

చెడిన ఘటములను చెత్తతో కలుపుట, పొయ్యిలో వేయుట తగదు. 2022లో భారత ప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరింపవలసిన బాధ్యత తయారుచేసినవారిది. మన ప్రయోగశాల వాకిటను ఒక డబ్బా పెట్టించితిమి. పిల్లలచేత పంపుడు, బొత్తాము ఘటములకు రెండు ప్రక్కలను అతుకుకాగితము అంటించి, పెద్దలే తెచ్చి వేయుడు.

ఇక మా అమ్మ సంగతి. ఆమె మణికట్టు కూడినది. కొంచెము వంకర మిగిలినది. నేను ఆ టార్చి రేకునకు మాటు వేయించి, "ఇక ఎప్పుడును వెలుగును" అని చేతికిచ్చితిని. ఆమె నా మాట నమ్మలేదు. ప్రతి రాత్రి పండుకొనుటకు ముందు ఒకసారి నొక్కి, గోడమీద వెలుగు చూచి, ఆర్పి, ప్రక్కను పెట్టుకొనుట అలవాటు చేసికొన్నది. తుపాను కబురు వచ్చినప్పుడు మాత్రము, వాడని ఆల్కలైను ఘటముల జత ఒకటి వేరుగా పొట్లము కట్టి, తలగడ క్రింద ఉంచెడిది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన తెల్లవారుజామున మన ఊరిలోను కరెంటు పోయినది. నేను లేచి తడుముకొనుచుండగా, నా ముఖముమీద వెలుగు పడినది. "నీ చెప్పులు మంచము క్రింద ఉన్నవి, నేల తడిగా ఉన్నది, చూచుకొని దిగు" అన్నది అమ్మ.